యాదమ్మ పేరు చెక్కిన డబ్బా

ఉత్తరాన, చలికాలంలో సముద్రం కూడా గడ్డకట్టే చోట, ఒక బుద్ధిమంతుల దేశం ఉంది. అక్కడ రైళ్ళు వేళకు వస్తాయి, కుక్కలు మొరగవు, ఎవరూ ఎవరినీ పలకరించరు. పలకరించకపోవడమే అక్కడ మర్యాద. ఎదురింటి తలుపు చప్పుడైతే ఇవతలి ఇంటివాళ్ళు తలుపు కన్నంలోంచి చూస్తూ నిలబడి, ఆ మనిషి మెట్లు దిగి వెళ్ళిపోయాకే తాము బయటికి వస్తారు. తరతరాలుగా ఇలా సుఖంగా బతుకుతున్న ఆ దేశంలో ఒక ప్రొఫెసరుగారు పరిశోధన చేశారు. పరాయి దేశాల నుంచి వచ్చిన ఇంజనీర్లూ డాక్టర్లూ తమలో తామే స్నేహాలు చేసుకుంటున్నారనీ, వాళ్ళలో స్థానికుల స్నేహం దొరికినవాళ్ళు మాత్రం మరికాస్త ఎక్కువ నవ్వుతున్నారనీ తేల్చారు. తేల్చి ఊరుకుంటే బాగుండేది. ఆ కాగితం ప్రభుత్వం చేతిలో పడింది. కోతికి కొబ్బరికాయ దొరికింది.

ఏడాది తిరక్కుండా 'అనుబంధ సమతుల్య శాఖ' పుట్టింది. వృత్తి నైపుణ్యం మీద వచ్చిన ప్రతి వలసదారుకూ ఉన్న గట్టి స్నేహాల్లో ముప్పాతిక వంతు స్థానికులతో ఉండాలి, లేకపోతే నివాస అనుమతి పొడిగించరు అని చట్టం చేశారు. స్థానికులకు అసలు గట్టి స్నేహాలున్నాయా అని ఎవరూ అడగలేదు. చట్టం వలసదారుల గురించి కదా.

ఆ శాఖ నుంచి పైడితల్లికి పిలుపు వచ్చింది. పైడితల్లిది గజపతినగరం. సముద్రంలో నిలబెట్టే గాలిమరలకు రెక్కలు గీసే ఇంజనీరు. అయిదేళ్ళుగా ఆమె గీస్తున్న రెక్క ఆ ఏడాదే నీళ్ళ మీద తిరగబోతోంది. అది తిరగడం కళ్ళారా చూడాలని ఆమెకు ప్రాణం కొట్టుకుంటోంది. అనుమతి గడువు మాత్రం అంతకంటే ముందే ముగుస్తోంది.

ఆఫీసులో బిర్గిటా అనే అధికారిణి కూర్చుని ఉంది. యాభై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ నలగని బట్టలు. ఆ దేశంలో మనుషుల భాష వేరు, ఆఫీసు భాష వేరు. ఆఫీసు భాషను తెలుగులోకి తెస్తే పాత తాలూకా కచేరీ నోటీసులా ఉంటుంది.

"గోడపై ప్రదర్శింపబడుచున్నది తమ అనుబంధ చిత్రము," అంది బిర్గిటా. "మధ్యనున్న చుక్క తమరు. ఈ సన్నని గీతలు సహోద్యోగులు. ఈ లావుపాటి గీత ఎవరో తెలుపగలరా?"

"యాదక్క," అంది పైడి.

"సదరు వ్యక్తి తమ జన్మదేశమునకు చెందుటయేగాక తమ మాతృభాషనే మాట్లాడుచున్నారు. ఇది తీవ్రమైన ఏకజాతి సాంద్రత."

పైడి అదేదో జబ్బు పేరనుకుని భయపడింది. ఒకే భాష అన్న మాట విని లోపల నవ్వుకుంది కూడా. యాదమ్మది కరీంనగర్ జిల్లా. ఆమె మాట పైడికీ, పైడి మాట ఆమెకూ తెలియడానికి మొదట్లో నెలరోజులు పట్టింది. సొంత ఊళ్ళలో ఉండి ఉంటే ఇద్దరూ జన్మలో కలిసేవారు కారు.

గట్టి స్నేహం అంటే ఏమిటో చట్టం చెప్పింది. ముందుగా చెప్పకుండా మీ తలుపు తట్టగలిగిన మనిషై ఉండాలి. మీరు ఆ మనిషి దగ్గరో, ఆ మనిషి మీ దగ్గరో ఏడ్చి ఉండాలి. ఆ మనిషి వస్తువేదో మీ ఇంట్లో ఉండాలి. బిర్గిటా ఒక్కొక్కటే అడిగింది. పైడి అబద్ధం చెప్పలేకపోయింది.

యాదమ్మ బ్యాటరీల ప్రయోగశాలలో శాస్త్రవేత్త. పైడి కంటే చాలా ముందు వచ్చి, శాశ్వత నివాసం సంపాదించి, పైడి ఉండే వీధిలోనే ఒంటరిగా ఉంటోంది. పైడి కొత్తగా వచ్చినప్పుడు ఆసియా సరుకుల కొట్లో ఆఖరి కరివేపాకు కట్ట మీద ఇద్దరి చేతులూ ఒకేసారి పడ్డాయి. "సగం నీకు, సగం నాకు. కొట్లాటెందుకు?" అని యాదమ్మ అక్కడే కట్ట విప్పి పంచింది. వారం తిరక్కుండా పైడికి కడుపులో నొప్పి వచ్చి ఆపరేషను చెయ్యవలసి వచ్చింది. ఎవరికి కబురు పెట్టమంటారని నర్సు అడిగితే, ఆ దేశంలో ఆమెకు తెలిసిన పేరు అదొక్కటే. యాదమ్మ వచ్చి, పైడి లేచి నడిచేదాకా మంచం పక్కనుంచి కదల్లేదు. ఇంటికి చేర్చాక స్టీలు డబ్బాలో జావ పంపింది. ఆ డబ్బా మూత మీద, మన స్టీలు సామాన్ల కొట్లలో మిషనుతో చెక్కే చుక్కల అక్షరాలతో, 'యాదమ్మ' అని ఉంది. డబ్బా తిరిగి ఇచ్చేటప్పుడు పైడి అందులో అరటికాయ ఆవపెట్టిన కూర పెట్టి ఇచ్చింది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు. ఈ సంగతిలో గజపతినగరానికీ కరీంనగర్‌కూ తేడా లేదు. అప్పట్నుంచీ ఆ డబ్బా రెండిళ్ళ మధ్య తిరుగుతూనే ఉంది. ప్రస్తుతం పైడి ఇంట్లో ఉంది.

"అనగా మూడు లక్షణములు సంపూర్ణము," అని బిర్గిటా తీర్పు చెప్పింది. "ఒక యాదమ్మకు ప్రతిగా ముగ్గురు స్థానికులను తమరు సంపాదించవలెను. అసాధ్యమైనచో యాదమ్మను ముగించవలెను."

"ముగించడమంటే?"

"బంధమును. బంధములు శూన్యమైనచో సమతుల్యత దానంతటదే సిద్ధించును. శూన్యము చట్టబద్ధము. నా బంధములు శూన్యము. గత సంవత్సరము మా శాఖలో ఆదర్శ ఉద్యోగిని పురస్కారము నాకే లభించినది."

పైడి లోపల నవ్వుకుని, చప్పట్లు కొట్టాలా వద్దా అని ఆలోచించింది.

ముగ్గురు స్థానికులంటే మాటలు కాదు. ఆఫీసులో పక్క బల్ల దగ్గర కూర్చునే లార్స్ మంచివాడు. పైడి వెళ్ళి సిగ్గు విడిచి, నాతో స్నేహం చేస్తారా అని అడిగింది. లార్స్ ముఖం వాడిపోయింది. స్థానికులకు గిరాకీ పెరిగి ఒక్కొక్కరి మీద పదిమంది పడుతున్నారని, ఒక స్థానికుడు నలుగురు వలసదారులకు మించి మిత్రత్వం వహించరాదని శాఖ అప్పటికే కొత్త నిబంధన పెట్టింది.

"నాలుగో చోటు నిన్ననే నిండిపోయింది," అన్నాడు లార్స్. "మీ ఊళ్ళ వైపు గుండె డాక్టరుగారే. శనివారం వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం ఉంది, పీటల మీద కూర్చోవాలిట. వచ్చే నెల వాళ్ళ పాప చెవులు కుట్టిస్తారు, నా ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలిట. నేను మా అమ్మను చూసి రెండేళ్ళయింది."

దొరకనివారి కోసం శాఖే మిత్రులను సరఫరా చేయడం మొదలుపెట్టింది. పైడికి ఒక మిత్రుడు కేటాయించబడ్డాడు. ప్రతి బుధవారం వచ్చేవాడు, బూట్లు విప్పేవాడు, సోఫా అంచున కూర్చుని గోడ గడియారం చూసేవాడు. మూడో బుధవారం గొంతు సవరించుకున్నాడు.

"మీ దుఃఖం ఏదైనా చెప్పండి. ఈ వారం ఒకటి చెప్పవలసి ఉంది."

పైడికి నిజంగానే దుఃఖం ఉంది. యాదక్కను వదులుకోవాలేమోనని దిగులుగా ఉందనీ, అన్నం సయించడం లేదనీ చెప్పుకుంది. చెబుతూ చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మిత్రుడు ఫోనులో ఏదో చూసుకుని తల అడ్డంగా ఊపాడు.

"ఇది చెల్లదండి. ఇది ఏకజాతి దుఃఖం. స్థానిక దుఃఖం ఏదైనా ఉంటే చెప్పండి, చలి గురించైనా పరవాలేదు."

ఇక మిగిలింది మన తెలుగు సమాఖ్య. ఆ నగరంలో తెలుగువాళ్ళు గుప్పెడు మంది, సంఘాలు మాత్రం దోసెడు. వాటన్నిటిలో పెద్దది డాక్టర్ సుదర్శనంగారిది. ఆయన పన్నెండేళ్ళుగా అధ్యక్షులు, ఎన్నికలంటే ఆయనకు ఒళ్ళు వెచ్చబడుతుంది. ఈసారి ఉగాదికి స్థానికులను వందలమందిని రప్పిస్తున్నామనీ, కావలసినవారు అక్కడే స్నేహాలు చేసుకోవచ్చనీ ఆయన కబురు చేశారు. పైడి పట్టుచీర మీద ఉన్ని కోటు వేసుకుని, యాదమ్మను తోడు తీసుకుని వెళ్ళింది. గుమ్మం దగ్గర ఆపేశారు.

"లోపల నిష్పత్తి నిండిపోయిందమ్మా, ఇంకో తెలుగు మనిషి వస్తే లెక్క తప్పుతుంది," అన్నారు సుదర్శనంగారు, శాలువా సర్దుకుంటూ. "తెలుగుజాతి ఔన్నత్యాన్ని, తెలుగువారి ఆతిథ్యాన్ని స్థానిక సోదరులకు చాటి చెప్పే ఈ మహత్తర శుభసందర్భంలో, తెలుగువారు సహృదయంతో అర్థం చేసుకుని బయటే ఉండవలసిందిగా సమాఖ్య పక్షాన సవినయంగా కోరుతున్నాం."

"మరి మీరు లోపల ఎట్లున్నరు సార్?" అని యాదమ్మ అడిగింది.

"నేను వ్యక్తిని కాదమ్మా, పదవిని," అన్నారాయన.

మంచులో నిలబడి ఇద్దరూ అద్దంలోంచి చూశారు. లోపల స్థానికులు బిర్యానీ పళ్ళేలు పట్టుకుని, ఒకరికొకరు తగలకుండా, తలా ఒక గోడ చూసుకుని తింటున్నారు. ఉగాది పచ్చడి గిన్నెలు ముట్టినవాడు లేడు. బయట నలభైమంది తెలుగువాళ్ళు పట్టుబట్టల్లో వణుకుతున్నారు. పైడికి కోపం వచ్చింది. పరాయివాళ్ళు గెంటితే బాధగా ఉంటుంది, మనవాళ్ళు గెంటితే ఒళ్ళు మండుతుంది. గెంటేటప్పుడు ఉపన్యాసం కూడా ఇస్తే చెప్పనే అక్కర్లేదు.

"యాదక్కా, ఇంక నా వల్ల కాదు," అంది దారిలో. "నిన్ను మానీమంటన్నారు. మానీకపోతే నన్ను పంపీస్తారు. ఏటి సెయ్యమంటావు?"

"మన దోస్తానా మూసెయ్యి పైడీ," అంది యాదమ్మ. "నీ రెక్క తిరగాలె. నేను ఏడికి పోత? గీ వీధిలనే ఉంట. కిటికీల నుంచి సూసుకుందాం."

మర్నాడు పైడి బిర్గిటాకు ఫోను చేసింది.

బంధవిమోచన కార్యక్రమం పైడి ఇంట్లో జరిగింది. బిర్గిటా సోఫా మధ్యలో కూర్చుంది. ఒక కొసన పైడి, ఒక కొసన యాదమ్మ.

"సదరు పక్షముల నడుమనున్న వస్తువులు ప్రత్యర్పణ కావలెను," అని బిర్గిటా చదివింది. "ప్రత్యర్పణ సమయమున నూతన వస్తువు ఏదియు చేతులు మారరాదు. మారినచో ప్రక్రియ మొదటికి వచ్చును. ప్రక్రియ కొనసాగుచున్నంత కాలము నివాస అనుమతి యథాతథముగా కొనసాగును. వస్తువు తెండి."

పైడి వంటింట్లోకి వెళ్ళి డబ్బా కడిగి తుడిచింది. మూత మీద పేరు చూస్తే కళ్ళు మసకబారాయి. డబ్బా తెచ్చి యాదమ్మ చేతిలో పెట్టింది. యాదమ్మ అందుకోగానే లోపల ఏదో గలగలమంది. బిర్గిటా మూత తీయించింది. గుప్పెడు బెల్లం ముక్కలు.

"ఇది ఏమి?"

"బెల్లమండి."

"ఖాళీగా ప్రత్యర్పింపవలెనని చెప్పితిని."

"ఖాళీగా ఇవ్వకూడదండి."

"ఏ నిబంధన ప్రకారము?"

పైడి ఆలోచించింది. ఏ నిబంధనో ఆమెకూ తెలియదు. వాళ్ళమ్మ ఇవ్వలేదు, వాళ్ళ నానమ్మ ఇవ్వలేదు. "కావాలని పెట్టలేదండి," అంది నిజాయితీగా. తర్వాత యాదమ్మ వైపు తిరిగి తెలుగులో, "ఖాళీగా ఇచ్చీడానికి నాకు సెయ్యి రానేదక్కా," అంది.

బిర్గిటా తన నిబంధనలన్నీ వెతికింది. ఖాళీ గిన్నె గురించి ఎక్కడా లేదు. లేనిదాన్ని ఉల్లంఘించారని రాయడానికి వీల్లేదు. ప్రక్రియ మొదటికి వచ్చినదని ప్రకటించి, మళ్ళీ వచ్చే తేదీ చెప్పి వెళ్ళిపోయింది. ఆమె మెట్లు దిగిన చప్పుడు ఆగాక యాదమ్మ నెమ్మదిగా నవ్వింది.

"పైడీ, ఆమె ఏం సదివిందో ఇన్నవా? కేసు నడిచినన్ని దినాలు నిన్ను పొమ్మనరట. ఇగ నేను డబ్బా ఖాళీగ ఎట్లిస్త? మా అవ్వ ఊకుంటదా?"

తర్వాతి తేదీ నాటికి డబ్బా సకినాలతో పైడి ఇంటికి వచ్చి ఉంది. ఆ తర్వాతి తేదీకి నువ్వుండలతో యాదమ్మ ఇంటికి చేరింది. ప్రతిసారీ బిర్గిటా వచ్చేది, మూత తీయించేది, ప్రక్రియ మొదటికి వచ్చినదని ప్రకటించేది. మొదట్లో మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. నాలుగోసారి బయట మంచు విపరీతంగా పడి, ఆమె వేళ్ళు నీలం తిరిగితే యాదమ్మ కసిరినట్టే అంది, "ముందుగాల చాయ తాగుమను. మనిషా, మొద్దా?" పైడి దాన్ని మర్యాదగా అనువదించి చెప్పింది. బిర్గిటా తాగింది. అల్లం ఘాటుకు దగ్గింది. మళ్ళీ తాగింది.

ఊళ్ళో సంగతి పొక్కింది. వలసదారులందరూ వరసపెట్టి బంధవిమోచనకు అర్జీలు పెట్టారు. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని తమ దేశంలోనూ ఉందని ఎక్కడెక్కడివాళ్ళో చెప్పారు. లేనివాళ్ళు కూడా ఉందన్నారు. ఆసియా సరుకుల కొట్లో స్టీలు డబ్బాలు నిండుకున్నాయి. గుండె డాక్టరుగారు లార్స్‌ను వదిలేసి ఎదురింటి తమిళాయనతో విమోచన మొదలుపెట్టారు. లార్స్ ఆ ఆదివారమే వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాడు. శాఖ మూడు అంతస్తుల కొత్త భవనం అడిగింది. ప్రొఫెసరుగారు దీని మీద రెండో పరిశోధనకు పూనుకున్నారు.

శాఖకు ఒళ్ళు మండింది. ఆధారంగా ఆ డబ్బానే స్వాధీనం చేసుకు రమ్మని బిర్గిటాకు ఆజ్ఞ అయింది. ఆమె వచ్చి, సకినాలతో సహా డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్ళింది. కొత్త భవనం ఇంకా రాలేదు, పాత భవనంలో డబ్బాలు పెట్టే చోటు లేదు. కనుక ఆధారాన్ని ఉద్యోగులే తమ ఇళ్ళలో భద్రపరచుకోవాలన్నారు.

తర్వాతి ఆదివారం పొద్దున్న పైడి ఇంటి తలుపు చప్పుడైంది. ముందుగా చెప్పినవారెవరూ లేరు. తీస్తే బిర్గిటా. ఒక చేతిలో యాదమ్మ డబ్బా, ఇంకో చేతిలో నీలిపూల రేకు డబ్బా.

"నేను ఆఫీసు పని మీద రాలేదు," అంది. ఆమె మనుషుల భాషలో మాట్లాడటం పైడి వినడం అదే మొదలు. "ఆ చక్రాల్లాంటివి ఒకటి రుచి చూద్దామనుకున్నాను. అన్నీ తినేశాను. ఖాళీగా ఇవ్వకూడదు కదా. యాలకుల రొట్టెలు చేశాను, కొంచెం మాడాయి. మీ డబ్బాలో పట్టనివి నా డబ్బాలో తెచ్చాను."

లోపలికి వచ్చి కూర్చుంది. యాదమ్మ కూడా అక్కడే ఉంది, టీ పెడుతోంది. ముగ్గురూ మాడిన రొట్టెలు తిన్నారు. "చాయల ముంచుకుంటె మంచిగనే ఉన్నది," అంది యాదమ్మ. పైడి అది అనువదించేసరికి బిర్గిటా తల వంచుకుంది. ఇంకొకరి గిన్నె తన వంటింట్లో ఉండటం ఇదే మొదటిసారి అని, ఆ వారమంతా దాన్ని బల్ల మీదే పెట్టుకున్నానని చెప్పింది. చెబుతూ ఏడ్చింది. ఎందుకు ఏడుస్తోందో ఆమెకే తెలియనట్టుంది. పైడికి జాలేసింది. ఆదర్శ ఉద్యోగిని పురస్కారం గురించి ఒకప్పుడు లోపల నవ్వుకున్నందుకు సిగ్గేసింది.

బిర్గిటా వెళ్ళేటప్పుడు రేకు డబ్బా అక్కడే మర్చిపోయింది. మర్చిపోయిందో, వదిలేసిందో.

ఆ నెలలోనే శాఖ ఉద్యోగులందరికీ కూడా అనుబంధ చిత్రాలు తీశారు, ప్రజలకు ఆదర్శంగా ఉంటుందని. బిర్గిటా చుక్క నుంచి పైడి చుక్కకు ఒకే ఒక గీత వచ్చింది. లావుపాటి గీత. ముందు చెప్పకుండా తలుపు తట్టింది, ఏడ్చింది, ఆమె వస్తువు అక్కడ ఉంది. స్థానికులు సున్నా, విదేశీయులు నూటికి నూరు. ఏమీ లేనప్పుడు పురస్కారం ఇచ్చిన శాఖే, ఒకటి ఉండేసరికి సంజాయిషీ అడిగింది. సదరు ఉద్యోగిని తన స్వదేశములో సమ్మిళితము కాలేదని తేల్చి, ఉద్యోగం నుంచి పక్కన పెట్టి, ఆ ఒక్క బంధాన్నీ ముగించమని ఉత్తర్వులిచ్చింది. ముగిస్తే మళ్ళీ శూన్యం, శూన్యం చట్టబద్ధం. ముగించకపోతే పౌరసత్వం సంగతి ఆలోచిస్తారట. ఏ దేశానికి పంపుతారని ఎవరో అడిగితే, అది వేరే శాఖ చూసుకుంటుందన్నారు.

విమోచనకు కొత్త అధికారి వచ్చాడు. చిన్నవాడు, ఇస్త్రీ నలగని బట్టలు. సోఫా మధ్యలో తను కూర్చున్నాడు. ఒక కొసన పైడి, ఇంకో కొసన బిర్గిటా, చేతులు ఒళ్ళో పెట్టుకుని. తను ఇన్నాళ్ళూ చదివిన నిబంధనలే తనకు చదివి వినిపిస్తుంటే బిర్గిటా నేల చూస్తూ వింది. యాదమ్మ సాక్షిగా గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"సదరు రేకు డబ్బా ప్రత్యర్పణ కావలెను," అన్నాడు కుర్ర అధికారి. "ఖాళీగా."

పైడి లేచి వంటింట్లోకి వెళ్ళింది. నీలిపూల డబ్బా కడిగి, తుడిచి, చేతిలో పట్టుకుని నిలబడింది. యాదమ్మ వెనకాలే వచ్చింది.

"గుప్పెడు చక్కెరన్న ఎయ్యి పైడీ," అంది మెల్లగా. "గా డబ్బా ఖాళీగ పోయిందంటే, పాపం ఆమెకు ఆమె దేశంల ఎవ్వలు లేకుంటయితరు."

పైడి చక్కెర సీసా మూత తీసింది.